శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా మౌంటెన్ బైక్ బాటలు

అమెరికా పశ్చిమ తీరంలో, శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న తొమ్మిది కౌంటీల మహానగర ప్రాంతానికి బే ఏరియా అని పేరు. కౌంటీ అంటే మన జిల్లాను పోలిన పాలనా విభాగం. శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లండ్, శాన్‌హోసే నగరాలనూ సిలికాన్ వ్యాలీనీ కలుపుకొని 75 లక్షలకు పైగా జనం నివసించే ఈ ప్రాంతంలో చాలాచోట్ల ఊరి చివరి వీధి ముగిసిన చోటనే కొండ మొదలవుతుంది. అటువంటి కొండల మీది మట్టిదారుల్లో, లావు టైర్లూ దృఢమైన ఫ్రేమూ ఎత్తులెక్కడానికి అనువైన గేర్లూ ఉన్న సైకిల్‌ను తొక్కడమే మౌంటెన్ బైకింగ్. ఈ సైకిలూ ఈ క్రీడా ఇప్పటి రూపాన్ని సంతరించుకున్నది 1970లలో, గోల్డెన్ గేట్ వంతెనకు ఉత్తరాన ఉన్న మరిన్ కౌంటీలోనే. అయినా ఇక్కడి బాటల్లో అధికభాగం సైకిల్ కోసం వేసినవి కావు. కొన్ని రైలు కోసం, కొన్ని కలప కోసం, కొన్ని కార్చిచ్చును ఆర్పే బండ్ల కోసం, మరికొన్ని సైనిక స్థావరాల కోసం పుట్టాయి. నేడు వాటి మీద సైకిల్ తిరగవచ్చునా లేదా అన్నది కొండ వాలును బట్టి కాక, ఆ నేల ఏ సంస్థ అధీనంలో ఉన్నదన్న దాన్ని బట్టి తేలుతున్నది.

నేల, వాన, బాట

బే ఏరియా కొండలు సముద్రతీరానికి ఇంచుమించు సమాంతరంగా, వరుసలు తీరి ఉంటాయి. భూమి పైపొరలోని రెండు పెద్ద పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కదిలే చోట ఏర్పడిన శాన్ ఆండ్రియాస్ భ్రంశం పడమటి వరుస వెంటా, దాని శాఖల్లో ఒకటైన హేవర్డ్ భ్రంశం తూర్పు కొండల పాదం వెంటా సాగుతాయి. ఇటువంటి భూపలకల కదలికల వల్లనే కొద్ది కిలోమీటర్ల దూరంలో ఇసుకరాయి, జిగటమట్టి, పచ్చని నిగారింపు గల సర్పెంటైన్ రాయి మారి మారి కనిపిస్తాయి. పడమటి వాలుల మీద సముద్రపు పొగమంచును పట్టి నీరుగా రాల్చుకునే రెడ్‌వుడ్ వృక్షాలు పెరిగితే, అఖాతానికి తూర్పున ఎండకు మాగి బంగారు రంగు తిరిగే గడ్డికొండలూ ఓక్ చెట్లూ ఉంటాయి.

వాన ఇక్కడ చలికాలపు అతిథి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పడి, వేసవి అంతా దాదాపు పూర్తిగా మొహం చాటేస్తుంది. వేసవి చివరికల్లా బాటలు పిండిలా నలిగి, మలుపుల్లో టైరు జారిపోతుంది. తొలకరి రెండు మూడు జల్లులు పడ్డాక అదే మట్టి, పిడికిట పట్టుకుంటే ఉండ కట్టేంత తడితో, టైరును గట్టిగా పట్టుకుంటుంది. మౌంటెన్ బైకర్లు ఏడాది పొడవునా ఎదురుచూసేది ఆ కొద్దివారాల కోసమే. వాన ముదిరితే తూర్పు కొండల సంగతి వేరు: అక్కడి జిగటనేల మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. ఎండలో నెర్రెలిచ్చే ఆ మట్టి తడిస్తే టైరుకు పొరలు పొరలుగా అంటి, ఫోర్కు సందులో ఇరుక్కొని, పది బారలు వెళ్లేలోపే చక్రాన్ని తిరగనివ్వకుండా చేస్తుంది. సైకిల్‌ను భుజాన వేసుకుని నడుద్దామన్నా అంటిన మట్టితో అది మోయలేని బరువవుతుంది. అలా తొక్కిన బాటలో పడిన గాడి ఎండాక రాయిలా బిగుసుకొని వేసవంతా నిలిచి ఉంటుంది గనుక, కొన్ని సంస్థలు వానాకాలంలో కొన్ని బాటలను సైకిళ్లకు పూర్తిగా మూసివేస్తాయి.

బాటల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. అగ్నిమాపక వాహనం పోగలిగేంత వెడల్పుగా, తరచు కొండ వెన్ను మీదుగా వేసిన మట్టిరోడ్డును ఫైర్‌రోడ్డు అంటారు. ఇవి వేసినవారి దృష్టి మంటను త్వరగా చేరడం మీదనే ఉన్నందువల్ల వాలును లెక్కచేయకుండా నిట్టనిలువుగా సాగుతాయి. మనుషులు ఒకరి వెనుక ఒకరు మాత్రమే నడవగలిగే ఇరుకు బాటను సింగిల్‌ట్రాక్ అంటారు. చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ, వేళ్ల మీదుగా, రాళ్ల మీదుగా పోయే ఈ రెండో రకమే బైకర్లకు ప్రీతిపాత్రం. ఈ ప్రాంతంలో యాభై ఏళ్లుగా సాగుతున్న తగవులన్నీ దాని గురించే.

టామల్‌పయస్ కొండ, రీప్యాక్ పందెం

మరిన్ కౌంటీకి నడిబొడ్డున 784 మీటర్ల ఎత్తున నిలిచిన టామల్‌పయస్ కొండను స్థానికులు టామ్ అని ముద్దుగా పిలుస్తారు. 1896లో మిల్ వ్యాలీ ఊరి నుంచి దాని శిఖరం దగ్గరి దాకా ఒక రైలుమార్గం వేశారు. దాదాపు 13 కిలోమీటర్ల పొడవున 281 వంపులు తిరిగే ఆ మార్గాన్ని ప్రపంచంలోకెల్లా వంకర రైలుదారిగా ప్రచారం చేసేవారు. దాని ఎక్కుడు ఎక్కడా 7 శాతాన్ని మించదు. అంటే వంద అడుగులు ముందుకు సాగితే ఏడు అడుగులే పైకి లేస్తుంది. మోటారుకార్లు వచ్చి ప్రయాణికులు తగ్గడం, 1929లో కొండపై పెద్ద మంటలు చెలరేగడం ఒకదాని వెంట ఒకటి జరిగాక 1930లో ఆ రైలు ఆగిపోయి పట్టాలు తొలగించారు. మిగిలిన గట్టు ఓల్డ్ రైల్‌రోడ్ గ్రేడ్ అన్న పేరుతో ఫైర్‌రోడ్డుగా నిలిచింది. ఆవిరి ఇంజను ఊపిరికి తగినట్టు చేసిన ఆ వాలు మనిషి కాళ్లకూ సరిగ్గా సరిపోవడం చేత, కొత్తగా మౌంటెన్ బైక్ కొన్నవారికి నేటికీ మొదటి ఎక్కుడు ఇదే అవుతున్నది.

1970ల ఆరంభంలో ఇక్కడి యువకులు కొందరు 1930లు, 40ల నాటి పాత సైకిళ్లను, ముఖ్యంగా ష్విన్ కంపెనీ ఎక్సెల్సియర్ రకాన్ని, పాతసామాను దుకాణాల్లో అగ్గువకు కొని, మడ్‌గార్డులు ఊడబెరికి, కొండ ఎక్కించి కిందికి తోలేవారు. బరువైన ఫ్రేమూ లావైన టైర్లూ ఉన్న ఆ బండ్లకు వారు పెట్టుకున్న పేరు క్లంకర్. డొక్కు సైకిల్ అనుకోవచ్చు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెలీ, ఓటిస్ గై వంటి వీరిలో పలువురు మామూలు రోడ్డు పందేల క్లబ్బు సభ్యులే. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గరి కాస్కేడ్ కాన్యన్ ఫైర్‌రోడ్డుపై, ఒక్కొక్కరినీ విడివిడిగా వదిలి గడియారంతో కాలాన్ని కొలిచే పందెం ఒకటి పెట్టుకున్నారు. అలన్ బాండ్స్ గెలిచిన ఆ పందెం క్రమంగా రీప్యాక్ అన్న పేరుతో ప్రసిద్ధమైంది.

ఆ పేరు వెనుక ఒక యంత్రధర్మం ఉన్నది. ఆ పాత సైకిళ్లకు చేతి బ్రేకులు ఉండేవి కావు. పెడళ్లను వెనక్కు తొక్కితే వెనుక చక్రపు హబ్బు లోపల ఉన్న లోహపు భాగాలు ఒకదాన్నొకటి ఒరుసుకొని చక్రాన్ని ఆపేవి. సుమారు 3.2 కిలోమీటర్ల దూరంలో 400 మీటర్లు దిగే ఆ దారిలో బ్రేకు అడుగడుగునా తొక్కవలసి రావడంతో హబ్బు కాగి, లోపలి గ్రీజు మరిగి పొగగా పోయేది. కిందికి చేరాక హబ్బును విప్పి, తుడిచి, కొత్త గ్రీజు కూరి బిగిస్తే గాని మరో దిగుడుకు అది పనికిరాదు. తెలుగునాట సైకిల్ షాపుల్లో ఏడాదికోసారి చేయించే ఓవరాలింగ్‌ను వారు దిగిన ప్రతిసారీ చేసుకోవలసి వచ్చేదన్నమాట. ఇంగ్లీషులో గ్రీజును మళ్లీ కూరడాన్ని సూచించే మాటే పందేనికి పేరైంది. 1979 దాకా సాగి, 1983, 1984లలో మరోసారి జరిగిన ఈ పందేల్లో అత్యల్ప కాలం ఫిషర్‌ది, 4 నిమిషాల 22 సెకన్లు. బ్రీజ్ కాలం దానికి రెండే సెకన్లు ఎక్కువ.

డొక్కు సైకిల్‌కు గేర్లు బిగించే ఆలోచన మాత్రం మరిన్ వారొక్కరిదే కాదు. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీలో జరిగిన ఒక సైక్లోక్రాస్ పోటీకి (బురదలో, అడ్డంకుల మీదుగా సాగే సైకిల్ పందేనికి) కూపర్‌టినో నుంచి మోరో డర్ట్ క్లబ్ అనే చిన్న బృందం, బొటనవేలితో మార్చే గేర్లూ బలమైన చేతి బ్రేకులూ అమర్చిన లావు టైర్ల సైకిళ్లతో వచ్చింది. మరిన్ యువకులు వాటిని పరిశీలనగా చూశారు. కూపర్‌టినో బృందం ఆ తరువాత కనుమరుగైంది. వారి అమరిక మాత్రం ఈ కొండ మీద నిలిచిపోయింది. ఆ ఊరు నేడు తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు చిరపరిచితమే అయినా, ఈ ముచ్చట అక్కడ ఉన్నవారిలోనూ కొద్దిమందికే తెలిసి ఉంటుంది.

1977లో బ్రీజ్, పాత ఫ్రేములను నమ్ముకోకుండా, క్రోమియం మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాలతో ఈ పని కోసమే ఒక ఫ్రేమును స్వయంగా తయారుచేశాడు. తొలి అసలైన మౌంటెన్ బైక్‌గా సాధారణంగా దీన్నే పరిగణిస్తారు. 1979లో ఫిషర్, కెలీ కలిసి టామ్ రిచీ చేసే ఫ్రేములతో మౌంటెన్‌బైక్స్ అనే సంస్థను పెట్టగా, ఆ పేరే చివరికి సైకిల్ జాతి మొత్తానికి పేరైంది. 1981లో బే ఏరియాకే చెందిన స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌ను విడుదల చేయడంతో కర్మాగారంలో పెద్ద సంఖ్యలో తయారైన మౌంటెన్ బైకు దుకాణాలకు చేరింది. ప్రపంచ చాంపియన్‌షిప్ 1990లో మొదలై, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది. ఆ చరిత్రకు సంబంధించిన పాత సైకిళ్లను ఫెయిర్‌ఫాక్స్‌లో 2015లో తెరిచిన మరిన్ సైకిల్ మ్యూజియంలో చూడవచ్చు.

అనుమతుల తగవు

సైకిళ్లు వేలల్లోకి పెరిగాక, అప్పటిదాకా కాలినడకవారికీ గుర్రపు రౌతులకూ మాత్రమే తెలిసిన బాటల్లో ఘర్షణ మొదలైంది. మలుపు అవతల ఏమున్నదో కనిపించని ఇరుకు దారిలో, చప్పుడు లేకుండా వేగంగా వచ్చే సైకిల్ నడిచేవారిని హడలగొట్టడం, గుర్రాన్ని బెదరగొట్టడం నిజమే. ఆ ఫిర్యాదును కొట్టిపారేయడానికి వీలులేదు. అయితే దానికి దొరికిన విరుగుడు దాదాపు అంతటా ఒకటే అయింది: సింగిల్‌ట్రాక్‌ను మూసి, సైకిళ్లను ఫైర్‌రోడ్లకు పరిమితం చేయడం. మౌంటెన్ బైక్ పుట్టింటిలోనే ఆ బైకు చట్టబద్ధంగా తిరగగల ఇరుకు బాటలు అరుదైపోవడం ఇలా జరిగింది.

ఈ మూసివేతకు మూలాలు ఒకచోట లేవు. టామ్ కొండ ఉత్తర వాలు 1912లో ఏర్పడిన మరిన్ జల సరఫరా సంస్థది. తాగునీటి చెరువుల పరీవాహక ప్రాంతం గనుక నేలకోతను అరికట్టడం దాని మొదటి ధర్మం. పక్కనే రాష్ట్ర ఉద్యానవనం, సముద్రం వైపు 1972లో ఏర్పడిన గోల్డెన్ గేట్ జాతీయ వినోద ప్రదేశం, ఊళ్ల అంచున కౌంటీ బయలు భూములు ఉన్నాయి. ఒకే ఉదయం ఒకే కొండ మీద తిరిగే సైకిల్ ఈ నాలుగింటి నిబంధనల కిందికీ రావచ్చు. ఇంకా పడమట పాయింట్ రేయస్ తీరంలో అడవిగా ప్రకటించిన భాగానికి 1964 నాటి అరణ్య చట్టం వర్తిస్తుంది. యంత్ర సహాయంతో సాగే రవాణాను నిషేధించే ఆ చట్టంలోని మాట సైకిల్‌కు కూడా చెల్లుతుందని 1980లలో ప్రభుత్వ సంస్థలు తేల్చడంతో అక్కడి దారులు మూతపడ్డాయి. జాతీయ వినోద ప్రదేశంలోని మూసివేతలపై మరిన్ సైకిల్ సంఘం కోర్టుకెక్కగా, 1996లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ప్రభుత్వ నిబంధనలనే సమర్థించింది. ఈ వ్యవహారాల నడుమనే 1988లో కాలిఫోర్నియాకు చెందిన అయిదు సైకిల్ సంఘాలు కలిసి అంతర్జాతీయ మౌంటెన్ బైసికిల్ సంఘాన్ని స్థాపించాయి; వాటిలో ఈస్ట్ బే (అఖాతపు తూర్పు ఒడ్డు) సంఘం, మరిన్, శాంతాక్లారా కౌంటీల సంఘాలు మూడూ బే ఏరియావే.

తెరిచి ఉన్న బాటల్లోనూ వేగానికి హద్దు ఉన్నది. గంటకు 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు; మనిషిని దాటేటప్పుడూ చాటు మలుపుల్లోనూ 5 మైళ్లు. దీన్ని దాటేవారిని పట్టడానికి రేంజర్లు రాడార్ పరికరాలతో పొదల పక్కన కాపు కాయడం కూడా మరిన్ చరిత్రలో భాగమే. ఫిషర్ రీప్యాక్ కాలాన్ని బట్టి లెక్కిస్తే అతని సగటు వేగం గంటకు 44 కిలోమీటర్లు. నేటి హద్దుకు లోబడి అదే దారి దిగేవారికి ఎనిమిది నిమిషాలు పడుతుంది.

ఉత్తరాన

మరిన్‌లో చట్టబద్ధమైన సింగిల్‌ట్రాక్ కావాలనుకునేవారికి మొదటి దిక్కు ఫెయిర్‌ఫాక్స్ పైనున్న కాంప్ టమరాంచో. ఇది స్కౌట్స్ సంస్థ సొంత భూమి. రుసుము చెల్లించి అనుమతిపత్రం తీసుకున్నవారిని సుమారు 16 కిలోమీటర్ల వలయాకారపు ఇరుకు బాటపై అనుమతిస్తారు. ప్రజల సొమ్ముతో నడిచే నేలలో దొరకనిది ప్రైవేటు నేలలో కొనుక్కోవలసి రావడం ఈ కౌంటీ పరిస్థితిని ఎన్ని గణాంకాలకన్నా బాగా తెలుపుతుంది.

శాన్ రఫేల్ పక్కనున్న చైనా కాంప్ రాష్ట్ర ఉద్యానవనం దీనికి మినహాయింపు. 1880లలో రొయ్యలు పట్టే చైనా మత్స్యకారుల పల్లె వెలసిన ఈ ఒడ్డున, కాలిఫోర్నియా రాష్ట్ర ఉద్యానవనాల్లో మరీ కొద్దిచోట్ల మాత్రమే కనిపించే విధంగా, సైకిల్‌నూ కాలినడకనూ ఒకే సింగిల్‌ట్రాక్‌పై అనుమతిస్తారు. ఒడ్డు వెంబడి షోర్‌లైన్ బాట, దానికి పైన చెట్ల నీడలో బేవ్యూ బాట సాగుతాయి. వాలు మెత్తగా ఉండడం వల్ల పిల్లలకూ కొత్తవారికీ అనువైనవి. నిధుల కొరతతో రాష్ట్రం 70 ఉద్యానవనాలను మూసివేయాలని 2011లో తలపెట్టినప్పుడు ఇదీ ఆ జాబితాలోకి ఎక్కింది. 2012 నుంచి దీన్ని నడుపుతున్నది ఫ్రెండ్స్ ఆఫ్ చైనా కాంప్ అనే స్వచ్ఛంద సంఘం.

వంతెన దాటగానే వచ్చే మరిన్ హెడ్‌లాండ్స్ గడ్డికొండలు ఒకనాటి సైనిక భూములు. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో నైకీ క్షిపణులను మోహరించిన స్థావరం ఒకటి ఇప్పటికీ ప్రదర్శనకు ఉన్నది. ఇళ్ల కాంట్రాక్టర్ల చేతిలో పడకుండా ఆ కొండలను చాలావరకు కాపాడింది సైన్యమేనని చెప్పాలి. బాబ్‌క్యాట్, మివోక్, కయోటీ రిడ్జ్ దారుల మీదుగా తిరిగి వచ్చేవారికి ఒకవైపు పసిఫిక్ మహాసముద్రం, మరోవైపు నగరపు మేడలు కనిపిస్తాయి. ఇవి ఎక్కువగా వెడల్పు దారులే.

ఇంకా ఉత్తరాన, శాంతా రోసా అంచున ఉన్న ట్రియోన్ అన్నడెల్ ఉద్యానవనం మరో స్వభావం గలది. అగ్నిపర్వత శిలలతో నిండిన ఈ నేల నుంచి ఒకప్పుడు ఇటలీ నుంచి వచ్చిన రాతిపనివారు బండలు కొట్టి శాన్‌ఫ్రాన్సిస్కో వీధులకు పరిచే రాళ్లను పంపారు. అక్కడి మొనదేలిన రాతి ముక్కలే నేడు టైర్లను చీల్చేవి. మధ్యలోని చెరువు పేరు ఇల్సాంజో, పూర్వపు యజమాని దంపతులు ఇల్సా, జోల పేర్లను కలిపి కుట్టినది. 2017 నాటి కార్చిచ్చులో ఈ ఉద్యానవనంలో కొంత భాగం కాలింది.

నగరం, తూర్పు కొండలు

శాన్‌ఫ్రాన్సిస్కో నగర పరిధిలో బాటలు స్వల్పం. ఒకప్పటి మేయరు అడాల్ఫ్ సూట్రో నాటించిన యూకలిప్టస్ అడవి మిగిలి ఉన్న మౌంట్ సూట్రోపై కొన్ని ఇరుకు బాటలు, మెక్‌లారెన్ పార్కులో మట్టిగుట్టలతో కట్టిన చిన్న బైక్ పార్కు చెప్పుకోదగినవి.

అఖాతానికి తూర్పున 1934లో ఏర్పడిన ఈస్ట్ బే ప్రాంతీయ ఉద్యానవనాల సంస్థ అధీనంలో 70కి పైగా పార్కులూ 1,25,000 ఎకరాల దాకా నేలా ఉన్నాయి. పశువులను మేపే గడ్డికొండలు వీటిలో అధికం. గేటు తీసిన సైకిల్ మనిషి దాన్ని తిరిగి మూసి వెళ్లాలన్నది ఇక్కడి మొదటి మర్యాద. ఫైర్‌రోడ్లు పుష్కలంగా ఉన్నా సింగిల్‌ట్రాక్‌లో సైకిళ్లకు అనుమతి పొదుపుగానే ఇస్తారు. కార్కీనెజ్ జలసంధి పైనున్న క్రాకెట్ హిల్స్ పార్కులో గడ్డివాలుల మీద మెలికలు తిరిగే బాటలు ఈ లోటును కొంత తీరుస్తాయి. 1,173 మీటర్ల డయాబ్లో కొండ ఈ వైపు అన్నిటికన్నా ఎత్తయినది.

ఓక్లండ్ నగరపాలక సంస్థకు చెందిన వాకీన్ మిల్లర్ పార్కు ఈ దిక్కున బైకర్లు ఎక్కువగా ఇష్టపడే చోటు. 1913లో మరణించిన కవి వాకీన్ మిల్లర్ నివసించి, చెట్లు నాటించిన కొండ ఇది. ఇక్కడి రెడ్‌వుడ్‌లు చాలావరకు రెండో తరానివి. 19వ శతాబ్దపు మధ్యకాలంలో తొలి తరాన్ని మొదలంటా నరికి ఇళ్ల కలపగా మార్చారు. ఆ నరికివేతకు ముందు పై వరుసలోని మహావృక్షాలు ఎంత ఎత్తుగా ఉండేవంటే, అఖాతంలోకి వచ్చే నావికులు వాటిని గురుతు పెట్టుకొని నీటిలో దాగిన ఒక బండను తప్పించుకునేవారు. నరికిన మొద్దు చుట్టూ వలయంగా లేచిన కొత్త మానుల మధ్య నుంచి సెకోయా బేవ్యూ బాట దాదాపు సమతలంగా సాగుతుంది. సిండ్రెల్లా బాట నిటారుగా, వేళ్లతో గతుకులతో దిగుతుంది.

దక్షిణాన ఫ్రీమాంట్ ఊరి మీద 767 మీటర్ల మిషన్ పీక్ నిలుస్తుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఊరు కావడం వల్ల, సెలవు రోజుల్లో శిఖరం మీది స్తంభం దగ్గర ఫొటో కోసం వరుసలో నిలిచినవారి నడుమ తెలుగు వినిపించడం మామూలే. సైకిళ్లను ఇక్కడ వెడల్పు దారుల మీద మాత్రమే అనుమతిస్తారు. నీడలేని ఆ ఎక్కుడు, జనసమ్మర్దం కలిసి దీన్ని బైకర్లకన్నా నడిచేవారి కొండగానే ఉంచాయి.

పశ్చిమ కొండవెన్ను దారి

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా, ఒకవైపు సముద్రమూ మరోవైపు అఖాతమూ ఉన్న భూభాగాన్ని పెనిన్సులా, అంటే ద్వీపకల్పం అంటారు. దాని కొండ వెన్ను మీదుగా స్కైలైన్ రోడ్డు సాగుతుంది. 1972లో ఓటర్లు ఆమోదించి ఏర్పరిచిన మిడ్‌పెనిన్సులా బయలు భూముల సంస్థ ఈ వరుసలో భూములు కొని ఇళ్లు లేవకుండా కాపాడింది. సిలికాన్ వ్యాలీ ఎదిగిన తీరు చూస్తే ఆ ఓటు సకాలంలోనే పడిందనాలి.

ఈ భూముల్లో ఎల్ కోర్టే డి మదేరా విశిష్టమైనది. కలప నరికే చోటు అని ఆ స్పానిష్ పేరుకు అర్థం. బైకర్లు దాన్ని రోడ్డు పక్కన బండ్లు ఆగే చోటు పేరుతో స్కెగ్స్ అనే పిలుస్తారు. కలప బండ్లు చేసిన దారులనూ, ఆపై మోటారుసైకిళ్లవారు తొక్కి వేసుకున్న బాటలనూ సంస్థ వారసత్వంగా అందుకున్నది. అవి చాలావరకు నిట్టనిలువుగా ఉండి, వాన నీరు వాటినే కాలువలుగా చేసుకొని మట్టిని వాగుల్లోకి తోడుకుపోయేది. ఆ వాగులు సముద్రం నుంచి ఎదురీది వచ్చే చేపలు గుడ్లు పెట్టే చోట్లు. అందువల్ల సంస్థ ఏళ్ల తరబడి శ్రమించి, కొన్ని బాటలను మూసి, మరికొన్నిటిని వాలుకు అడ్డంగా మళ్లించి, నీరు ఎక్కడికక్కడ పక్కకు జారేట్టు తీర్చిదిద్దింది. బాట నిర్మాణంలో మెలకువంతా ఈ నీటి దారిలోనే ఉన్నది: బాట బయటి అంచు లోపలి అంచుకన్నా కాస్త పల్లంగా ఉండి, సాగే కొద్దీ అలలా లేచి పడుతూ ఉంటే, నీరు దాని మీద ప్రవహించకుండా దాన్ని అడ్డంగా దాటిపోతుంది.

అక్కడి బాటల్లో ఒకదాని పేరు రెజల్యూషన్. 1953 అక్టోబరు 29న ఆస్ట్రేలియా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు వస్తున్న ఆ పేరుగల డీసీ 6 విమానం, మంచు కమ్మిన ఈ కొండకు తగిలి కూలింది. అందులో ఉన్న 19 మందీ మరణించారు. వారిలో 31 ఏళ్ల ప్రసిద్ధ పియానో వాద్యకారుడు విలియం కపెల్ ఒకరు. బాట పక్కన ఎక్కడైనా నలిగిన లోహపు రేకు కనబడితే అది ఆ విమానానిది కావచ్చు. అదే అడవిలో, ఉప్పూ నీరూ కలిసి ఇసుకరాతిని తేనెపట్టులా తొలిచిన టఫోనీ అనే బండలున్నాయి. ముట్టుకుంటే రాలే ఆ రాతి వద్దకు సైకిల్‌ను రానివ్వరు.

దక్షిణాన, కౌంటీల ఆవల

కూపర్‌టినో అంచున, పత్రికా సంపాదకుడు ఫ్రీమాంట్ ఓల్డర్ పేరిట ఉన్న చిన్న బయలు ప్రదేశం సాయంత్రం ఆఫీసు వదిలాక గంటసేపు తొక్కేవారికి చాలు. శాన్‌హోసేలోని శాంతా తెరీసా కౌంటీ పార్కు రాళ్ల మీద సైకిల్‌ను నిలబెట్టగల నేర్పును పరీక్షిస్తుంది. మోర్గన్ హిల్‌కు తూర్పున 87,000 ఎకరాల హెన్రీ డబ్ల్యూ. కో రాష్ట్ర ఉద్యానవనం ఉత్తర కాలిఫోర్నియాలోని రాష్ట్ర ఉద్యానవనాల్లో అతి పెద్దది. నీడ తక్కువ, నీటి వనరులు వేసవిలో ఎండుతాయి, దిగిన ప్రతి లోయ నుంచీ నిలువుగా ఎక్కిరావాలి. దీని విస్తీర్ణాన్ని తేలిగ్గా తీసుకొని మధ్యాహ్నపు ఎండలో చిక్కుకునేవారికి కొదవ లేదు.

శాంతాక్రూజ్ కౌంటీ తొమ్మిది కౌంటీల లెక్కలోకి రాదు. బైకర్ల లెక్క వేరు. వారు దాన్ని ఎన్నడూ బయటిదిగా చూడలేదు. అక్కడి సొకెల్ ప్రదర్శన అరణ్యం 2,681 ఎకరాలది. రాష్ట్ర అటవీ, అగ్నిమాపక శాఖ అధీనంలో, కలపను నరుకుతూనే అడవిని ఎలా నిలుపుకోవచ్చో చూపడానికి ఉద్దేశించినది. వినోదం దాని మొదటి పని కాకపోవడమే బైకర్లకు మేలు చేసిందనవచ్చు. 2015లో స్వచ్ఛంద సేవకులు ఇక్కడ ఫ్లో ట్రైల్‌ను పూర్తి చేశారు. పెడల్ తొక్కే అవసరం, బ్రేకు వేసే అవసరం రెండూ తగ్గేట్టు, ఒరిగిన గట్టు మలుపులనూ గుండ్రని మట్టి అలలనూ వరుసగా పేర్చిన బాటను ఫ్లో ట్రైల్ అంటారు. సైకిల్ కోసమే గీసి, సైకిల్ కోసమే తవ్విన బాటల్లో ఇదొకటి. పొరుగున ఉన్న నిసీన్ మార్క్స్ అడవిలోనే 1989 అక్టోబరు 17 నాటి 6.9 తీవ్రత గల లోమా ప్రియేటా భూకంపపు కేంద్రం ఉన్నది.

బడిపిల్లలు, బ్యాటరీ సైకిళ్లు

2001లో బర్క్లీ హైస్కూలు ఉపాధ్యాయుడు మ్యాట్ ఫ్రిట్సింగర్ ప్రారంభించిన ఉత్తర కాలిఫోర్నియా హైస్కూల్ సైక్లింగ్ లీగ్, బడిపిల్లలకు మౌంటెన్ బైక్ పోటీలు నిర్వహిస్తూ, 2009లో ఏర్పడిన జాతీయ సంఘానికి ఒరవడి అయింది. వారాంతాల్లో పిల్లల జట్లు బాట మరమ్మతుకు పారలు పట్టుకొని రావడం భూసంస్థల వైఖరిని కొంత మెత్తబరిచింది.

టైర్ల గురించి ఒక జాగ్రత్త కూడా ఈ కాలంలోనే పుట్టింది. 1990ల మధ్యలో మరిన్‌లో ఓక్ చెట్లు హఠాత్తుగా మాడిపోవడం గమనించి, దానికి కారణం బూజును పోలిన ఒక సూక్ష్మజీవి అని తరువాత కనుగొన్నారు. అది తడిమట్టిలో బతికి, బూట్లకూ టైర్లకూ అంటి కొత్త చోట్లకు పాకగలదు. తెగులు ఉన్న అడవి నుంచి వచ్చాక టైర్ల మట్టిని అక్కడికక్కడే రుద్ది వదిలించుకోవాలని సంస్థలు కోరుతున్నాయి.

బ్యాటరీ సాయంతో నడిచే ఈ-బైక్ వచ్చాక పాత తగవే కొత్త రూపం దాల్చింది. 2015లో చేసిన రాష్ట్ర చట్టం వీటిని మూడు తరగతులుగా విభజించింది: పెడల్ తొక్కితేనే మోటారు సాయపడుతూ గంటకు 20 మైళ్ల వద్ద ఆగిపోయేది మొదటి తరగతి, తొక్కకపోయినా అంతే వేగం దాకా నడిపేది రెండోది, తొక్కితే 28 మైళ్ల దాకా సాయపడేది మూడోది. ఏ తరగతిని ఏ మట్టిబాటపై అనుమతించాలో తేల్చే అధికారం మాత్రం ఆయా భూసంస్థలకే మిగిలింది. ఈస్ట్ బే సంస్థ మొదటి రెండు తరగతులను కొన్ని దారుల్లో రానిస్తున్నది. మిడ్‌పెనిన్సులా సంస్థ సుదీర్ఘ చర్చ జరిపి 2022లో తన మట్టిబాటలపై వద్దన్నది. స్కైలైన్ వెంబడి ఈ సంస్థ భూమికి ఆనుకొని కౌంటీ పార్కులూ రాష్ట్ర ఉద్యానవనాలూ ఉన్నందున, ఈ-బైక్ మీద వెళ్లేవారు ప్రతి గేటు దగ్గరా ఆగి అక్కడి బోర్డును చదువుకోవలసి వస్తున్నది.